గురువు పేరు మీద పని నేర్పే బడి



పోచంపల్లి చీర మీరు చూసే ఉంటారు. ఆ పోచంపల్లి దగ్గర ఒక బడి ఉంది. అది చిన్నపిల్లల బడి కాదు. పల్లెటూరి యువతీ యువకులకు పని నేర్పే బడి. దాని పేరు స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ.

ఎవరీ స్వామీజీ?

ఆయన 1903లో పుట్టారు. మొదట బడి పంతులు. తర్వాత సన్యాసి అయ్యారు. అప్పుడు మన ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. పై చదువులు ఉర్దూలో సాగేవి. తెలుగు పిల్లలకు సొంత భాషలో చదువు దొరకడమే కష్టం. స్వామీజీ ప్రజల హక్కుల కోసం పోరాడారు. జైలుకు పోయారు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది.

శిష్యుడు ఎవరు?

స్వామీజీ వెంట నడిచిన యువకుల్లో పి.వి. నరసింహారావు ఒకరు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగర ఊరాయన. మన పక్కనున్న మంథని నుంచి 1957లో ఎమ్మెల్యేగా గెలిచారు. 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడే సర్వేల్‌లో గురుకుల బడి మొదలైంది. పేద పిల్లలు అక్కడే ఉండి, తిని, చదువుకునే బడి అది.

1980లో ఆయన విదేశాంగ మంత్రి అయ్యారు. అంటే మన దేశం తరఫున వేరే దేశాలతో మాట్లాడే మంత్రి. 1991లో ప్రధాని అయ్యారు. దేశాలు తిరిగినా గురువును మరువలేదు.

స్వామీజీ 1972లో కన్నుమూశారు. పెద్దలు పోతే మనం విగ్రహం పెడతాం. ఏడాదికోసారి దండ వేస్తాం. పి.వి. అంతటితో ఆగలేదు. 1995లో గురువు పేరు మీద ఈ సంస్థను పెట్టించారు. కుట్టుపని, కరెంటు పని, కంప్యూటరు పని లాంటివి ఇక్కడ నేర్పుతూ వచ్చారు.

మనకేంటి?

మనది బొగ్గు బాయిల ప్రాంతం. బాయిల నౌకరీ ఇంటింటికీ రాదు. బొగ్గు తవ్వితే తరుగుతది. నేర్చిన పని తరగదు. పదో తరగతితో చదువు ఆగిన బిడ్డ ఇంట్ల ఉంటే, "ఇంకేం చదువుతది?" అనకండి. ఏ పని మీద మనసుందో అడగండి. పని నేర్పే చోటు ఎక్కడుందో కనుక్కోండి. చదువు నేర్చుకున్నారు కదా, దరఖాస్తు మీరే చదవండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. మీకు అక్షరం నేర్పినవాళ్లను ఎట్లా గౌరవిస్తారు?
2. మీ వాడలో చదువు ఆగిన ఆడపిల్లలు ఎందరు?
3. వాళ్లకు ఏ పని నేర్పితే బతుకుదెరువు దొరుకుతది?