పాత శిక్ష ఉన్న రైతు - తుపాకి లైసెన్సు

అడవిపందులనుండి వేరుశనగ, మొక్కజొన్న చేలను కాపాడుకొనుటకు తుపాకి లైసెన్సు కోరుచున్నారా? ఎన్నడో పడిన చిన్న శిక్షను తలచి జంకవలదు. దానిని దాచనూ వలదు.

1959 ఆయుధముల చట్టము 9వ సెక్షను ప్రకారము, దౌర్జన్యముతోగాని, నైతిక పతనముతోగాని కూడిన నేరమునకు జైలుశిక్ష పడినవారు, శిక్షాకాలము ముగిసిన పిదప 5 సంవత్సరములవరకు తుపాకి ఉంచుకొనరాదు. గట్టు తగాదాలో కొట్లాడి నెలరోజుల జైలుశిక్షను 2015లో ముగించిన రైతున్నాడనుకొనుడు. అతనికి ఆ నిషేధము 2020తో తీరినది. జుర్మానా మాత్రమే పడినవారికి ఈ నిషేధము వర్తించదు. మంచి నడవడికకై కోర్టు ఉత్తరువుపై ముచ్చలిక వ్రాసినవారు దాని గడువు తీరువరకు ఆగవలెను. వయస్సు 21 ఏండ్లు నిండవలెను.

నిషేధము లేనంతమాత్రమున లైసెన్సు వచ్చి తీరునని కాదు. పోలీసు నివేదిక తెప్పించుకొని అధికారి నిర్ణయించును. దరఖాస్తు ఫారములో శిక్షలనుగురించి అడుగుదురు. ఉన్నదున్నట్లు వ్రాసి, తీర్పు నకలు, జుర్మానా రసీదు జతపరచుడు. నిజము దాచి పొందిన లైసెన్సును 17వ సెక్షను క్రింద రద్దు చేయవచ్చును. పాత శిక్షకంటె ఈ దాపరికమే ఎక్కువ చేటు.

లైసెన్సు నిరాకరించినచో కారణములను వ్రాతమూలకముగా కోరి, గడువులోగా అప్పీలు చేసికొనుడు.

లైసెన్సు వచ్చినను మరువరాని సంగతి ఒకటి కలదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేనిదే అడవిపందిని కాల్చరాదు. ముందుగా అటవీశాఖవారిని సంప్రదించుడు.