చెట్టుకు తామర పట్టిందా?

పెరట్లో చెట్టు నీరసించిందంటే ఇంటిల్లిపాదికీ ముందు దాని ఒంటిమీది మచ్చలే కనిపిస్తాయి. మొదట్లో పచ్చని పాచి, పైకొమ్మల మీద ఎవరో సున్నం చిలకరించినట్టు బూడిదరంగు బిళ్ళలు. "అదుగో, అదే చెట్టుని పీల్చేస్తోంది!" అని తీర్పు చెప్పేస్తాం. ఆపైన ఇనప బ్రష్షు పెట్టి గీకడం, సున్నం కొట్టడం, అప్పటికీ తేరుకోకపోతే గొడ్డలి.

కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు వృక్షశాస్త్రం చెప్పిన పాపానికి ఇలాటి తగువులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. మూడేళ్ళ కిందట మా పక్కింటి పెద్దావిడ గోడమీంచి పిలిచారు. "మేష్టారూ, మా మామిడికి తామర పట్టిందండీ. ఆదివారం కొట్టించేస్తానంటున్నాడు మా అబ్బాయి. మీరొక్కసారి చూడరూ?" అది కొత్తపల్లి కొబ్బరి. ఆవిడ కాపరానికొచ్చిన ఏడు భర్త తన చేత్తో నాటినది. ఆయన ఇప్పుడు లేరు. కొడుకు భయం వేరు: ఎండుకొమ్మ విరిగి పిల్లల నెత్తిన పడితే? అదీ తీసిపారేసే మాట కాదు.

తామర అన్న పోలిక బాగానే కుదిరింది. ఆ బిళ్ళల పేరు లైకెన్లు. పూర్వం గ్రీకులు ఆ మాటని చర్మం మీద లేచే పొక్కులకీ వాడారు. కాని చెట్టుకిది చర్మవ్యాధి కాదు. లైకెన్ అంటే ఒంటరి ప్రాణి కాదు, ఒక కాపురం. శిలీంధ్రం ఇల్లు కట్టి తేమ పట్టి ఉంచుతుంది. లోపలున్న కంటికి కనబడని నాచు ఎండ పొయ్యిమీద వంట చేసి ఇద్దరికీ పెడుతుంది. 1867లో ష్వెండెనర్ అనే స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు ఈ మాటంటే ఆనాటి లైకెన్ పండితులు మండిపడ్డారు! కొన్నిటిలో ఈస్టు జాతి శిలీంధ్రం కూడా కాపురముంటోందని 2016లో బయటపడింది. ఎందరున్నా వంట సొంతమే గనక చెట్టు రసంతో వాటికి పనిలేదు. వేళ్ళు లేవు, పై బెరడుని కరుచుకుని ఉంటాయంతే. పాచీ అంతే. అన్నట్టు, మీ వంటింట్లో మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే.

"మరి జబ్బు చెట్టుమీదే ఇవెందుకండీ?" అన్నారావిడ. మంచి ప్రశ్న. దిట్టంగా ఉన్న మామిడి లోపల మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. ఆకు పలచబడితే కొమ్మలమీద ఎండ పడుతుంది, లైకెన్ల వంటకి వీలవుతుంది. పైగా చెట్టు చురుగ్గా లావెక్కుతుంటే బెరడు పగిలి రాలుతుంది. పెరుగుదల మందగిస్తే అదే బెరడు ఏళ్ళతరబడి నిలిచి ఉంటుంది. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు పాకే లైకెన్‌కి కావలసింది ఆ తీరికే. చాలా రకాలకి పొగ, గంధకపు గాలి పడవు కూడాను. పారిస్ నగరంలో అవి తగ్గిపోవడం గమనించి, వాటిని చూసి గాలి మంచిచెడ్డలు చెప్పవచ్చునని నైలాండర్ 1866లోనే రాశాడు. (ఆకుమీద తుప్పురంగు మచ్చలు లేస్తే మాత్రం అది వేరే నాచు, అది హాని చేస్తుంది.)

కనక నేను పైకి చూడ్డం మాని కిందికి చూశాను. రెండేళ్ళ కిందట పెరడంతా గచ్చు చేయించారు. సిమెంటు చెట్టు మొదలు దాకా, మెడకి ఉరి బిగించినట్టు ఉంది. అంట్లు తోమిన నీళ్ళు ఆ పక్కనే ఇంకుతున్నాయి. వేళ్ళూ గాలి పీల్చుకోవాలి గదా! తిండి తెచ్చే సన్నవేళ్ళు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి. ఆ మట్టిని కప్పేసి, ఉన్న కాస్త సందూ మురుగుతో నింపితే ఏ చెట్టు మాత్రం ఏం చేస్తుంది?

అసలు దొంగ కూడా ఒకటి దొరికింది. ఓ కొమ్మమీద మామిడికి పోలని మందపాటి ఆకులు: బదనిక. పిట్టలు దాని జిగురు గింజలు కొమ్మలకి అంటిస్తాయి. అది చెక్కలోకి దిగి నీరూ లవణాలూ లాగేస్తుంది. పాపం, నింద బిళ్ళలకీ దోపిడీ దీనికీ!

బదనికని పైపైన తుంచితే మళ్ళీ మొలుస్తుంది. అది పట్టిన చోటుకి కిందుగా కొమ్మే కోయించాం. ఎండుకొమ్మలూ దింపించేసరికి అబ్బాయి కాస్త మెత్తబడ్డాడు. కోసిన గాట్లకి బోర్డో పేస్టు: మైలుతుత్తం నూరు గ్రాములు, సున్నం నూరు గ్రాములు, నీళ్ళు లీటరు. ఇనప పాత్రలో కలపకూడదు. మొదలు చుట్టూ ఆరడుగుల మేర గచ్చు పలుగుతో లేపించి, వేళ్ళు తెగకుండా పైపైన చివికిన ఎరువు పరిచాం, కాండానికి తగలకుండా. అంట్లనీళ్ళకి వేరే తూము పెట్టించారు. ఆ ఏడు ఏమీ కనబడలేదు. రెండో ఏడు చిగురు దట్టంగా వేసింది. బిళ్ళలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు.

మీ పెరట్లోనూ ఇలాటి చెట్టుంటే ముందు కొమ్మ బెరడుని గోటితో కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది. కాండానికి కన్నమూ, దానికింద రంపపుపొట్టూ కనిపిస్తే తొలిచే పురుగు చేరినట్టే. వంకీ తీగతో లాగి, కన్నాన్ని మట్టితో మూసెయ్యండి. మొదట్లో అరల్లాంటి పుట్టగొడుగులు లేచి, కొడితే కాండం గుల్లమోత మోగితే సంగతి వేరు. అప్పుడు లోపలి చెక్క పుచ్చిపోయి ఉండవచ్చు. తెలిసినవాళ్ళకి వెంటనే చూపించండి. చెట్టు ఇంటివైపు ఒరిగి ఉంటే వాళ్ళు వచ్చేదాకా పిల్లల్ని దానికింద ఆడనివ్వకండి.