గిరిశిఖర గ్రామాలకు దారి ఎక్కడ ఆగిపోయింది?

ఏటా వానాకాలం మొదలయ్యాక పత్రికల్లో ఒక ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. గెడకర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరు మోసుకుంటూ గెడ్డ దాటుతుంటారు. కింద ‘డోలీ మోత’ అని రెండు ముక్కలుంటాయి. మర్నాడు ఎవరో ఒక అధికారి విచారం వ్యక్తం చేస్తారు. ఆ ఊరు మళ్లీ వచ్చే ఏడు వానల దాకా ఎవరికీ గుర్తుకు రాదు. అసలు డోలీ ఎందుకు మోయాల్సి వస్తోంది, దారి ఎక్కడ ఆగిపోయింది, దాన్ని ఆపుతున్నవి ఏమిటి అన్నది ఇక్కడ చెప్పదలిచాం.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల్లోనూ, అనకాపల్లి జిల్లా అంచున ఉన్న కొండల మీదా పది, ఇరవై, ముప్పై ఇళ్ల ఊళ్లు చాలా ఉన్నాయి. వీటినే గిరిశిఖర గ్రామాలంటారు. కోందు, గదబ, పోర్జ, కొండదొర తదితర ఆదివాసులు అక్కడ పోడు చేసుకుని బతుకుతారు. సామలు, చోళ్లు, కందులు తిండికి. పసుపు, చింతపండు, కొండచీపుర్లు సంతకు. తాగేది ఊట నీళ్లు. ఎండాకాలం ఊట సన్నబడితే ఆడవాళ్లు ఇంకో ఊట వెతుక్కుంటూ దిగాలి. వానాకాలం ఆ ఊటలోకే బురద చేరుతుంది. వెనకే విరేచనాలు, జ్వరాలు.

జ్వరమొస్తే ఏమవుతుంది? మైదానంలో 5 వేల మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలని, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3 వేల మందికే ఒకటి పెట్టాలని ప్రభుత్వ నిబంధన. వినడానికి బాగానే ఉంది. కానీ మైదానంలో ఆ జనమంతా దగ్గర దగ్గర ఊళ్లలో దొరుకుతారు. కొండల మీద 3 వేల మంది అంటే గెడ్డలకు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉన్న ఎన్నో చిన్న ఊళ్లు. ఏఎన్ఎం ప్రతి ఊరికీ నడిచే ఎక్కాలి. 108కి ఫోన్ చేయాలంటే సిగ్నల్ అందే మిట్ట దాకా వెళ్లాలి. ఆ బండి వచ్చినా తారురోడ్డు అయిపోయిన చోటే ఆగుతుంది. బైకు అంబులెన్సుకైనా బైకు నడిచే బాట కావాలి కదా. కాన్పుకు ముందే దిగి వసతి గృహంలో ఉండమంటారు. దిగితే ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని, పోడు పనిని ఎవరు చూస్తారు?

బడి సంగతీ ఇంతే. 2009 విద్యా హక్కు చట్టం నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు ఉండాలి. మ్యాపు మీద కిలోమీటరుకూ, కొండ దిగి గెడ్డ దాటి మళ్లీ ఎక్కే కిలోమీటరుకూ పోలిక లేదు. గెడ్డ పొంగిన రోజు మాస్టారు రాలేరు, పిల్లలు పోలేరు.

సంతలో నష్టం ఎవరూ లెక్క కట్టనిది. తెల్లారుజామున నెత్తిన మోపుతో దిగిన మనిషి సాయంత్రం అదే మోపుతో కొండెక్కలేడు. ఆ సంగతి షావుకారుకు తెలుసు. అందుకే ధర అతను చెప్పిందే. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉన్నా, దాని కొనుగోలు కూడా రోడ్డు దగ్గరే. వైద్యం, చదువు, గిట్టుబాటు ధర మూడూ దారి దగ్గరే తెగిపోతున్నాయి.

మరి దారి ఎందుకు పడదు? మాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, తలల లెక్క. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకు రోడ్డు వేస్తానంది. ముప్పై గడపల ఊరు ఆ లెక్కకు అందదు. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ 100 మంది ఉన్న ఆవాసాలనూ తీసుకుంది. అది మేలే. కానీ అది అతి బలహీన ఆదిమ తెగలకు మాత్రమే. పక్క కొండ మీది కొండదొరల, భగతల ఊరు అందులోకి రాదు. తెగ సరిపోయినా వంద మంది లేని ఊరూ రాదు.

రెండోది, అడవి. రోడ్డు అడగ్గానే ‘ఫారెస్టు క్లియరెన్సు లేదు’ అనే జవాబు వస్తుంది. అయితే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, మంచినీళ్లు, రోడ్డు సహా 13 రకాల పనులకు అటవీ భూమి ఇవ్వవచ్చని చెబుతోంది. ఒక్కో పనికి భూమి హెక్టారు లోపు ఉండాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు చేయాలి. జిల్లా స్థాయిలోనే తేలిపోయే పని ఇది, ఫైలు ఢిల్లీ పోనక్కర్లేదు. నాలుగు మీటర్ల వెడల్పున వేస్తే హెక్టారు భూమిలో రెండున్నర కిలోమీటర్ల రోడ్డు పడుతుంది. అంతకు మించితేనే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి.

మూడోది, మ్యాపు మీది గీత. అనకాపల్లి జిల్లా రోలుగుంట, రావికమతం, గొలుగొండ మండలాల కొండ ఊళ్లు అయిదో షెడ్యూలు ప్రాంతానికి బయట ఉండిపోయాయి. తెగ అదే, కొండ అదే, డోలీ అదే. కానీ 1996 పెసా చట్టం, 1/70 భూ బదలాయింపు చట్టం గీత దగ్గరే ఆగుతాయి. అటవీ హక్కుల చట్టానికి మాత్రం ఈ గీత అడ్డు కాదు. ఆ సంగతి ఊళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

ఇది ఆదివాసుల గొడవ, దళితులకేం సంబంధం అని కొందరు అడగవచ్చు. ఊళ్లోకి వచ్చిన సిమెంటు రోడ్డు మాలవాడ, మాదిగవాడ మొదట్లో ఎలా ఆగుతుందో మనకు తెలుసు. అడవిలో బతికే దళితులను అటవీ హక్కుల చట్టం ‘ఇతర సంప్రదాయ నివాసులు’ కింద చేర్చి, మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు రుజువు అడుగుతుంది. కాగితం లేని మనుషులను కాగితం అడగడం ఇద్దరికీ అనుభవమే.

ఇంకో సంబంధం కూడా ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లో కొండ ఊళ్ల పేద దళితులు తమ రోడ్డు పని ఆపేశారని హైకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. ఉమేద్ రామ్ శర్మ కేసుగా అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కొండ ప్రాంతాల వారికి రోడ్డు అంటే జీవించే హక్కులో భాగమేనని, అది 21వ అధికరణ కిందికే వస్తుందని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. దళితులు గెలిచిన ఆ మాట ఇవాళ డోలీ మోస్తున్న ప్రతి ఆదివాసీకీ ఆస్తి.

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘అడవి తల్లి బాట’ పేరుతో ఏజెన్సీ రోడ్ల పనులు మొదలుపెట్టింది. స్వాగతిస్తున్నాం. అయితే మేము అడిగేది దయ కాదు, లెక్క. రోడ్డు లేని ప్రతి ఆవాసం పేరు, జనం సంఖ్య ఎంత తక్కువైనా సరే, మండలాల వారీగా బయట పెట్టాలి. పంచాయతీ కేంద్రంలో కాకుండా ఆ ఊళ్లోనే గ్రామసభ పెట్టి సెక్షన్ 3(2) తీర్మానం రాయించాలి. 2013 ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం కింద కేటాయించిన డబ్బులో ఈ దారులకు ఎంత పోయిందో చెప్పాలి. షెడ్యూలు గీత బయట ఉన్న ఊళ్లను ఆ గీత లోపలికి తేవాలి. వచ్చే వానాకాలం డోలీ ఫొటో వచ్చినప్పుడు అధికారులను విచారం అడగొద్దు. ఆ ఊరి పేరు జాబితాలో ఉందా, తీర్మానం ఏ బల్ల మీద ఆగింది అని అడుగుదాం.