కొండకో వాన, లోయకో ఎండ
కాఫీ మొగ్గ వేళ మన్యం రైతుకు పరీక్షా కాలం

పాడేరు: చలి పోయిందనుకుంటే తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు. ఎండలు వచ్చేశాయనుకుంటే మధ్యాహ్నానికి ఉరుము వినిపిస్తుంది. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నెలాఖరు దాకా పాడేరు మన్యంలో ఏటా ఇదే వరస. చూడవచ్చిన వారికి ఇది వేడుక. కాఫీ తోట మొగ్గ మీద ఉన్న రైతుకు, పసుపు ఉడకబెట్టి ఆరబోసిన రైతుకు, చింతపండు రాల్చుకునే కుటుంబానికి మాత్రం ఏడాది కష్టం ఈ కొద్ది రోజుల మీదే ఆధారపడి ఉంటుంది.

ఎందుకీ తేడా?

నర్సీపట్నం నుంచి లంబసింగికి దూరం సుమారు 30 కిలోమీటర్లే. కానీ ఘాట్ రోడ్డు ఎక్కి అక్కడికి చేరేసరికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తుకు వస్తాం. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. చలిలో ఆరుబయట ఉంటే కొర్రలా బిగుసుకుపోతారని ఆ పేరుకు అర్థం చెబుతారు.

ఎత్తు ఒక్కటే కారణం కాదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి కొండవాలు మీది గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారుతుంది. అందుచేత తెల్లవారేసరికి లోయ అడుగున ఉన్న కూరగాయల మడి కంటే కొండ నడుమ ఉన్న తోటే వెచ్చగా ఉండవచ్చు. లోయలో పొగమంచు కమ్ముకునేదీ ఇందుకే. ఎండ ఎక్కాక కథ మారుతుంది. వాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది. దానికి బంగాళాఖాతం తేమ తోడైతే మధ్యాహ్నం దాటాక మబ్బు కట్టి ఉరుముల వాన, ఒక్కోసారి వడగళ్లు పడతాయి. ఆ వాన ఒక కొండను తడిపి పక్క కొండను వదిలేస్తుంది.

కాఫీకి రెండు వానలు

కాఫీ మొగ్గ ఎండకు ఓర్చుకుని నిద్రలో ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అంగుళానికి తగ్గకుండా, అంటే 25 మిల్లీమీటర్లు, ఒక మంచి వాన పడితే మొగ్గ మేలుకుని వారం పది రోజుల్లో తోట తెల్లగా పూస్తుంది. చిరుజల్లు పడి ఆగిపోతే మొగ్గ ఉబ్బి సరిగా విచ్చుకోదు. పూసిన రోజునే వాన కొడితే కాయ కట్టడం తగ్గుతుంది. పూత తరువాత మూడు నాలుగు వారాల్లో రెండో వాన పడితేనే పిందె నిలుస్తుంది. వాగు నీరు అందే తోటల వారు తుంపర్లతో తడి ఇచ్చుకోవచ్చు. మిగతా వారికి ఆకాశమే దిక్కు.

మామిడికి మాత్రం ఈ మబ్బు, మంచు పడవు. పూత మీద బూడిద తెగులు, తేనెమంచు పురుగు పెరుగుతాయి. పిందె దశలో వడగళ్లు పడితే చేసేదేమీ లేదు.

సూచన చదివేదెలా?

వాతావరణ శాఖ రైతుల కోసం మంగళ, శుక్రవారాల్లో సలహాలు ఇస్తుంది. ఆ సూచనల్లో మాటలకు లెక్క ఉంది. ‘ఒకటి రెండు చోట్ల వాన’ అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడవచ్చునని. ‘కొన్ని చోట్ల’ అంటే సగం వరకు. కాబట్టి సూచన విని మన తోటకు వాన ఖాయమని అనుకోరాదు. అలాగని మన ఊళ్లో చినుకు పడలేదని సూచన అబద్ధమనీ కొట్టిపారేయరాదు. ‘ఒకటి రెండు చోట్ల’ అని విన్నా సరే, ఆ రోజు ఆరబోసిన పసుపు, చింతపండు మధ్యాహ్నానికే కప్పేయడం మేలు. తడిసిన చింతపండు నల్లబడి ధర పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం పిడుగు. మెరుపు కనబడ్డాక 30 అంకెలు లెక్కపెట్టేలోగా ఉరుము వినబడితే పిడుగు దగ్గరలోనే ఉన్నట్టు. చెట్టు కిందికి పోరాదు, పశువులనూ చెట్టు కింద కట్టరాదు. కొండ శిఖరం, ఒంటరి పాక కూడా ప్రమాదమే. పక్కా ఇంట్లోకి చేరి, చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటకు రావాలి.

పూత పోతే మరుసటి ఏడు మళ్లీ వస్తుంది. మనిషి పోతే ఆ ఇంటికి మరి దిక్కుండదు. వాన కోసం ఎదురుచూసే ఈ రోజుల్లో ఉరుమును కూడా చెవిన పెట్టాలి.