మినాలో మాస్కు నిలిచిందా?

హజ్ రోజుల్లో మక్కా పక్కనున్న మినాలో ఏ గుడారంలో కూర్చున్నా దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. ఒక మూల ఆగితే ఇంకో మూల మొదలవుతుంది. హాజీలు దానికి ‘హజ్ దగ్గు’ అని పేరు కూడా పెట్టేసుకున్నారు, యాత్రలో అదీ ఒక భాగమే అన్నట్టు. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన లక్షల మంది పరుపు పక్కన పరుపు వేసుకుని రోజుల తరబడి పడుకునే చోటు అది. ఒకరి ఊపిరి ఇంకొకరికి తగలకుండా ఎలా ఉంటుంది?

నేను నర్సుని. మాది నంద్యాల, ఉద్యోగం జెద్దాలో. హజ్ రోజుల్లో కడప నుంచో నిజామాబాద్ నుంచో వచ్చినవాళ్ళకు తెలుగు మాట్లాడే మనిషి దొరికితే వదలరు. మాస్కు ఇస్తే ఒక పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇహ్రాంలో ఆడవాళ్ళు ముఖం కప్పుకోకూడదంటారు కదా బేటీ, ఇది కట్టుకుంటే తప్పవుతుందేమో?” అని అడిగింది. ఇహ్రాం అంటే హజ్ దీక్ష. ఆమె వెనకున్నాయన అప్పటికే తన మాస్కును గడ్డం కిందికి లాగేశాడు. “గాలాడట్లేదమ్మా” అన్నాడు.

ఈ రెండు మాటల్లో వైరస్ ఊసే లేదు. అయినా మాస్కు జబ్బును ఆపుతుందా లేదా అని తేల్చాలనుకునే శాస్త్రవేత్త ముందుగా దాటాల్సిన గడప ఇదే. మాస్కు మంచిదే కావచ్చు. ఆ ఎండలో, ఆ గుంపులో, ఆ నియమాల మధ్య మనుషులు దాన్ని ముఖం మీద ఉంచుకుంటారా? అది తెలుసుకోవడానికి ముందుగా చిన్న ఎత్తున ఒక ప్రయత్నం చేసి చూస్తారు. ‘పైలట్’ అధ్యయనం అనేది దాన్నే.

మినాలో అలాంటిది నిజంగానే జరిగింది. 2011 హజ్‌లో సిడ్నీకి చెందిన పరిశోధకులు ఒసామా బరాషీద్, హరునోర్ రషీద్, వాళ్ళ బృందం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన హాజీల మధ్య ఈ పని చేశారు. 22 గుడారాలు తీసుకున్నారు. ఏ గుడారానికి మాస్కులివ్వాలో, దేనికి ఇవ్వకూడదో చీటీ వేసినట్టు నిర్ణయించారు. మనుషుల్ని కాక గుడారాల్ని విడదీయడంలో తెలివి ఉంది. ఒకే కప్పు కింద సగం మంది పెట్టుకుని సగం మంది పెట్టుకోకపోతే ఎవరు ఎవరిని కాపాడారో తేలదు. జ్వరం, దగ్గుతో ఉన్నవాళ్ళనూ, వాళ్ళ పక్కనే పడుకునేవాళ్ళనూ కలిపి 164 మందిని చేర్చుకున్నారు. జబ్బు చేసినవాళ్ళ ముక్కులోంచి స్వాబ్‌లు తీసి ల్యాబ్‌కు పంపారు.

మాస్కులిచ్చిన గుడారాల్లో 76 శాతం మంది వాటిని వాడారు. ఇవ్వని గుడారాల్లోనూ 12 శాతం మంది సొంతంగా పెట్టుకున్నారు. పక్కవాళ్ళకు ఫ్లూ లాంటి లక్షణాలు రావడం మాస్కు గుడారాల్లో 31 శాతం, మిగతా చోట 53 శాతం. వినగానే సంబరపడాలనిపించే తేడా ఇది. కానీ ల్యాబ్ పరీక్షల్లో రెండు వైపులకూ తేడా కనిపించలేదు. 164 మందితో మాస్కు గొప్పదని గానీ పనికిరాదని గానీ తేల్చలేం. పైలట్ చేసింది అందుకు కాదు కూడా. హాజీలు ఒప్పుకుంటారా, గుడారాల్ని విడదీయగలమా, ఆ జనంలో స్వాబ్ తీసి చల్లగా ఉంచి ల్యాబ్‌కు చేర్చగలమా అన్నవే దాని ప్రశ్నలు. అన్నిటికీ అవునన్న జవాబే వచ్చింది. పెద్ద అధ్యయనం సాధ్యమేనని తేల్చారు.

ఆ తర్వాతి ఏడాదే, 2012లో, జెద్దాలో అలీ మొహమ్మద్ జకీ అనే వైరాలజిస్టు ఒక రోగిలో కొత్త కరోనా వైరస్‌ను గుర్తించారు. తర్వాత మెర్స్ అని పిలిచింది దాన్నే. మాస్కు ప్రశ్నకు ఒక్కసారిగా తొందర వచ్చిపడింది. 2013, 2014, 2015 హజ్‌లలో, ఈసారి ఆస్ట్రేలియావాళ్ళతో పాటు సౌదీ, ఖతార్ హాజీలనూ కలుపుకుని పెద్ద పరీక్ష నడిచింది. 318 గుడారాలు, 7,687 మంది. మొహమ్మద్ అల్ఫెలాలీ, సహచరులు 2020లో, కోవిడ్ నడుస్తుండగా, ఫలితాలు ప్రకటించారు.

మాస్కులు అందుకున్నవాళ్ళలో రోజూ పెట్టుకున్నవాళ్ళు దాదాపు నాలుగోవంతు. పెట్టుకోమని చెప్పనివాళ్ళలోనూ కొంతమంది పెట్టుకున్నారు. రెండు గుంపులూ ఇలా ఒకదాన్నొకటి పోలిపోయాక తేడా ఎక్కణ్ణుంచి కనపడుతుంది? మాస్కు జబ్బును ఆపినట్టు తేలలేదు. సూచించినట్టు వాడకపోవడం వల్లే బహుశా తేల్చి చెప్పలేకపోయామని పరిశోధకులే రాశారు.

దీన్ని పట్టుకుని మాస్కు దండగని వాదించేవాళ్ళంటే నాకు కోపం వస్తుంది. పెట్టెలో ఉన్న మాస్కుకు పరీక్ష జరగలేదు. అలాగని ఈ ఫలితాన్ని పక్కన పెట్టేయడమూ తప్పే. మాస్కు ఎవరికిచ్చారో వాళ్ళందర్నీ, వేసుకున్నా వేసుకోకపోయినా, ఒకే లెక్కలో చూడటంలో ఒక నిజాయితీ ఉంది. ఊరికే మాస్కులు పంచి, నాలుగు మాటలు చెప్పి పంపితే గుడారంలో దగ్గు తగ్గుతుందా అని ప్రభుత్వం అడిగితే ఈ అధ్యయనం ఇచ్చే జవాబు: తగ్గినట్టు కనబడలేదు. నాలాంటివాళ్ళు ఏటా చేసే పని సరిగ్గా ఇదే కాబట్టి ఈ జవాబు నన్ను వదలదు.

పైలట్‌లో 76 శాతం ఉన్నది పెద్ద పరీక్షకు వచ్చేసరికి ఎందుకు పడిపోయింది? నాకు తోచింది చెబుతాను. 164 మందిని కనిపెట్టుకుని ఉండటం వేరు, ఏడు వేల మందిని కనిపెట్టుకుని ఉండటం వేరు. పైగా పైలట్‌లో ఉన్నది ఒక దేశం వాళ్ళే. సౌదీ కుటుంబాలు, ఖతార్ బృందాలు మాస్కును ఎలా చూస్తాయో ఆ 22 గుడారాలు చెప్పలేవు. ఎవరు వాడాలో వాళ్ళ మధ్యే చిన్న పరీక్ష జరగాలి. మాస్కు పెట్టుకోకపోవడానికి పైలట్‌లోనే ఎక్కువగా వినిపించిన కారణం అసౌకర్యం. ఆ మాటను ఇంకా లోతుగా తవ్వాల్సింది. ఏ గంటకు తీసేస్తున్నారు? నమాజుకు ముందు వుజూ చేసి ముఖం తడిగా ఉన్నప్పుడా? రాళ్ళు రువ్వే జమరాత్ దారిలో నడుస్తూ రొప్పుతున్నప్పుడా? నిద్రలోనా?

హజ్‌లో సులువుగా నిలిచిన జాగ్రత్తలూ ఉన్నాయి. 1987లో హజ్‌తో పాటు మెదడు పొరల వాపు జ్వరం, మెనింజైటిస్, వ్యాపించింది. 2000, 2001ల్లో ఇంకో రకం బ్యాక్టీరియాతో మళ్ళీ వచ్చింది. ఆ బ్యాక్టీరియాలో నాలుగు రకాలను అడ్డుకునే టీకాను సౌదీ తప్పనిసరి చేసింది. టీకా పత్రం లేకపోతే వీసా లేదు. బయల్దేరక ముందు ఒక్క సూది, అంతే. మాస్కు అలా కాదు, ప్రతి గంటా మనిషి మళ్ళీ ఒప్పుకోవాలి. శానిటైజర్‌దీ అదే చిక్కు: ఇహ్రాంలో సువాసన నిషిద్ధం కాబట్టి వాసన ఉన్న సీసా ఎంత మంచిదైనా సంచిలోనే ఉండిపోతుంది. వాసన లేనిది పంచితే ఆ గొడవ ఉండదు. ఎవరో ముందుగా ఒక హాజీ పక్కన కూర్చుని అడిగితే తప్ప ఇలాంటివి ఆఫీసులో తట్టవు.

ఇప్పుడు దగ్గు కన్నా ఎండ పెద్ద భయం. 2024 జూన్ హజ్‌లో మక్కా పెద్ద మసీదు దగ్గర 51.8 డిగ్రీలు నమోదైంది. 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రకటించింది. వాళ్ళలో ఎక్కువమంది అనుమతి లేకుండా, నీడ లేకుండా మైళ్ళు నడిచినవాళ్ళు. ఇహ్రాంలో మగవాళ్ళు టోపీ పెట్టుకోకూడదు గానీ గొడుగుకు అడ్డు లేదు. గొడుగు వేసుకోండని మేమంతా చెబుతాం. జమరాత్ జనంలో అది విప్పడానికి చోటుంటుందా, డెబ్బై ఏళ్ళ మనిషి ఒక చేత్తో నీళ్ళసీసా, ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఎంత దూరం నడవగలడు, సంచి మోసేదెవరు? హైదరాబాద్ నాంపల్లి హజ్ హౌస్‌లో, విజయవాడలో యాత్రికులకు శిక్షణ తరగతులు పెడుతున్నారు కదా. వచ్చే ఏడాది అక్కడే కొందరికి గొడుగులిచ్చి, మినాలో మూడో రోజు సాయంత్రం అవి ఎవరి చేతుల్లో ఉన్నాయో, లేనివాళ్ళు ఎక్కడ వదిలేశారో రాసుకోమని నేను అడుగుతున్నాను. ఆ పని నేనే చేస్తాను కూడా, కాగితం, పెన్ను చాలు.