ఉత్తమ నటుడు ఒక్కడే, వరుసలో నిలువదగినవారెందరు?

మాఘపూర్ణిమనాడు సముద్రస్నానమునకై మంగినపూడికి పోవు జనులలో పెక్కుమంది బందరు మీదుగనే పోవుదురు. ఆ బందరు పట్టణము ఒకప్పుడు ఓడల రాకపోకలకు పేరుపొందినది; తరువాతి కాలమున నాటకములకును పేరుపొందినది. హరిశ్చంద్ర పాత్రతో ఆంధ్రదేశమంతట కీర్తి గాంచిన డి.వి. సుబ్బారావు బందరు రంగస్థలమునకు చెందినవాడే. చలనచిత్రములకు మాటలు, పాటలు వ్రాయుటకు పూర్వము పింగళి నాగేంద్రరావు నాటకకర్తగా చేయి తిరిగినదియు అచ్చటనే. అచ్చటికి కొంత దూరమున కూచిపూడి కలదు. సత్యభామ వేషమునకు పెట్టినది పేరైన వేదాంతం సత్యనారాయణశర్మ 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును పొందెను. గుడివాడ దాపున ఒక పల్లెలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు తొలుత స్త్రీ పాత్రలు ధరించియే నాటకరంగమున పేరు తెచ్చుకొనెను.

ఆ కాలమున నటుని ఘనతను నిర్ణయించినవాడు ప్రేక్షకుడే. పద్యము నచ్చినచో ‘వన్స్ మోర్’ అని కేకలు వేయుదురు. నటుడు మరల పాడవలసినదే. ఊరి పెద్ద ఒకడు వేదిక నెక్కి పతకమును అతని రొమ్మున గుచ్చును. ఆ రాత్రి అంతటితో తీర్పు ముగిసినది. రెండవవాడెవడు, మూడవవాడెవడు అను ప్రశ్నకు అచ్చట తావు లేదు.

పోటీలు వచ్చిన పిదప ఈ స్థితి మారినది. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు నాటక సమాజముల నొక్కచోటికి చేర్చినది. పరిషత్తు పోటీలు ఊరూర వెలసినవి. 1998 నుండి ప్రభుత్వము నాటకములకును నంది బహుమతుల నిచ్చుట ఆరంభించినది. పద్యనాటకము, సాంఘిక నాటకము, నాటిక, బాలల నాటిక అని ప్రదర్శనలను విడదీసి, ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ హాస్యనటుడు అని నటులను వేరువేరుగ గుర్తించుట వాడుకయైనది. 2023 డిసెంబరులో గుంటూరున జరిగిన నంది నాటకోత్సవములందును ప్రదర్శనలు వరుసగ సాగి, చివరి దినమున బహుమతులు అందినవి.

ఈ పద్ధతిలో ఒక లోపము కలదు. చివరి రాత్రి వేదికపై వినవచ్చునది ఒక్క పేరు. అతనితో సరిసమానముగ నిలిచి, ఒకటి రెండు గుణములు తక్కువైనవాని పేరు న్యాయనిర్ణేతల కాగితములలోనే ఉండిపోవును. నాగాయలంక నుండియో కోడూరు నుండియో తమ ఖర్చులతో వచ్చి, పగలు ఉద్యోగము, రాత్రి రిహార్సలు చేసికొని, ఒక గంట సేపు ఆడి, తెల్లవారుజామున బస్సెక్కి పోవు నటునికి తాను విజేతకు ఎంత దగ్గరగ వచ్చెనో తెలియనే తెలియదు. ఓడినవారిలో చివరివాడును, రెండవవాడును అతని కంటికి ఒక్కటే. పై యేడు మరల వేషము కట్టవలెనా వద్దా అని తలపోయునపుడు ఈ అజ్ఞానము చిన్న విషయము కాదు.

ఇందుకు మందుగ ఇతర దేశములలో వాడుకయైనది నామినేషను పద్ధతి. బహుమతికి ముందు, ఆ బహుమతికి తగినవారని కొందరి పేర్లు ప్రకటింతురు. ఆ కొందరు ఎందరు ఉండవలెననునదే చిక్కు ప్రశ్న.

న్యూయార్కు నాటకశాలలకు చెందిన టోనీ బహుమతులు 1947లో ఆరంభమైనవి. పోటీలో నిలిచినవారి పేర్లను బహిరంగముగ ప్రకటించుట 1956లో గాని మొదలు కాలేదు. నట విభాగములలో అయిదుగురిని చూపుట అచ్చట నేటి సామాన్యాచారము. అయినను ఆ సంఖ్య శిలాశాసనము కాలేదు. 1985లో సంగీత నాటకములందలి ఉత్తమ నటుడు, ఉత్తమ నటి అను విభాగములనే, తగినవారు చాలరని, ఆ యేటికి తొలగించిరి. మహమ్మారి వలన 2020 మార్చిలో నాటకశాలలు మూతపడగా, ఆ అరకొర సంవత్సరమునకు 2021 సెప్టెంబరులో జరిగిన సభలో సంగీత నాటకపు ఉత్తమ నటుని విభాగమున నిలిచినవాడు ఆరన్ ట్వేట్ ఒక్కడే. అయినను బహుమతి అతనికి ఊరక చేతికి రాలేదు. ఓటు వేసినవారిలో నూటికి అరువదిమంది అతడు తగినవాడని అంగీకరించిననే ఇయ్యవలెనని నియమము పెట్టిరి. అతడు నెగ్గెను. మరుసటి యేడు, 2022లో, మాటల నాటకపు ఉత్తమ నటుని విభాగమున ఏడుగురు నిలిచిరి. వారిలో ముగ్గురు ‘ది లీమన్ ట్రిలజీ’ అను ఒక్క నాటకమునకు చెందినవారు. ఆ నాటకమున ఎన్నో పాత్రలను ఆ ముగ్గురే పంచుకొని ధరించిరి. అట్టి నాటకమున ఒకనిని గ్రహించి ఇద్దరిని విడుచుట ఎవరికైనను కష్టమే. తుదకు ఆ మువ్వురిలో ఒకడైన సైమన్ రసెల్ బీల్ విజేత యయ్యెను.

ఒకసారి ఒక్కడు, వెంటనే మరియొకసారి ఏడుగురు! దీనివలన తెలియునదేమి? అయిదు అను సంఖ్యలో మహిమ ఏమియు లేదు. ఆ యేటి పంట ఎంతయో చూచి గరిసె కట్టవలెను గాని, గరిసె నిండలేదని తాలును పోయరాదు.

ఈ చింత పాశ్చాత్యులకే పుట్టినదని తలపరాదు. భరతుని నాట్యశాస్త్రమున ఇరువది యేడవ అధ్యాయము ప్రదర్శన సిద్ధిని గూర్చినది. అందు ప్రాశ్నికులు అను పరీక్షకులు, గుణదోషములను లెక్కించు గణకులు, వ్రాసికొను లేఖకులు కలరు. దోషములు తక్కువై గుణములు ఎక్కువైన నటునికి పతాక నీయవలెను. ఇద్దరును సమానులని తోచినచో, రాజు సమ్మతితో ఇద్దరికిని ఈయవచ్చును. బహుమతి ఒక్కటే గనుక యోగ్యుడును ఒక్కడే కావలెనను పట్టుదల ఆ శాస్త్రకారునికి లేదు.

ఇక తెలుగునాటి పోటీలకు ఏ సంఖ్య తగును? ఒక పరిషత్తు పోటీలో పది నాటికలు ఆడినవనుకొందము. ఒక్కొక్క నాటికలో ప్రధాన పురుషపాత్ర ఒకటి చొప్పున పది. అందు అయిదుగురి పేర్లు ప్రకటించినచో సగము మంది వరుసలో చేరుదురు. సగము మందికి దక్కిన గౌరవము గౌరవము కానేరదు. అది హాజరు పట్టిక. అదే రాష్ట్రస్థాయిలో ముప్పది ప్రదర్శనలు జరిగినచో అయిదుగురనగా ఆరింట ఒక వంతు. అప్పుడా సంఖ్యకు విలువ కలదు. కనుక విభాగమునకు అర్హులైన నటులలో నలుగురికి ఒకరికి మించకుండ పేర్లు ప్రకటించుట, ఎంత పెద్ద పోటీయైనను అయిదుగురితో ఆపుట, చివరి స్థానమున ఇద్దరు సమానులైనచో ఇద్దరిని చేర్చుట న్యాయముగ నుండును. పన్నెండుగురున్నచోట ముగ్గురు, ఇరువదిమంది యున్నచోట అయిదుగురు. ఎనిమిదిమందికి తక్కువైనచో వరుస ప్రకటింపనక్కర లేదు. మొదటివాడు నిజముగ బహుమతికి అర్హుడా అని విడిగ తేల్చిన చాలును. అర్హుడు లేనిచో ఆ యేడు బహుమతి నిలిపివేయుటయు తప్పు కాదు.

ఉత్తమ నటి విభాగమున మరియొక చిక్కు కలదు. పరిషత్తు నాటకములలో ఒకే నటి ఒకే పోటీలో రెండు మూడు సమాజముల పక్షమున పాత్రలు ధరించుట అరుదు కాదు. పాత్రలను లెక్కించి వరుస కూర్చినచో మూడు స్థానములలో రెండు ఆమెకే పోవచ్చును. ఒక్క పాత్రతో ప్రాణము పెట్టి ఆడిన క్రొత్త నటికి చోటు దొరకదు. కనుక ఒకరి పేరు ఒక విభాగమున ఒక్కసారియే, ఆమె శ్రేష్ఠమైన పాత్రతో, రావలెను.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. పేర్లు ముందుగ తెలిసినచో సిఫార్సులు పెరుగునని కొందరందురు. ఆ భయము నిరాధారము కాదు. కాని గుణముల పట్టిక ముగించి, ముద్రవేసి, ఆ పిమ్మటనే పేర్లు చదివినచో సిఫార్సునకు వేళ మిగులదు. ఓడినవారిని ఓదార్చుటకే ఈ వరుస అని మరికొందరందురు. ఓదార్పు వేరు, గుర్తింపు వేరు. ప్రోత్సాహక బహుమతి ఓదార్పు కావచ్చును. “ఈ నటుని వాచికము స్పష్టము, ఆంగికము మితము, సాత్త్వికమున మాత్రము విజేత మిన్న” అని న్యాయనిర్ణేత ఒక్క వాక్యము చదివినచో అది గుర్తింపు. ఆ వాక్యము నటునికి పై యేటి పాఠము. ప్రేక్షకునికి నటన నెట్లు చూడవలెనో నేర్పు పాఠము.

ఈ విషయము పాఠశాలలకు మరింత దగ్గరిది. వార్షికోత్సవమున పిల్లలు నాలుగు నాటికలు ఆడుదురు. ఉపాధ్యాయుడే న్యాయనిర్ణేత. సాధారణముగ రాజు వేషము వేసిన బాలునికో, గొంతు పెద్దదైన బాలికకో బహుమతి పోవును. రెండే మాటలున్న సేవకుని వేషమున, మాట లేనప్పుడును రాజును శ్రద్ధగ వినుచు నిలిచిన పిల్లవానిని ఎవరును తలపరు. నాలుగు నాటికలకు అయిదుగురి వరుస అక్కర లేదు. అందరికి కప్పులు పంచుటయు అక్కర లేదు. విజేతతోపాటు మరియొక్క పేరు చదివి, ఆ బాలుడేమి చక్కగ చేసెనో ఒక వాక్యమున చెప్పిన చాలును. పతకము ఒక్కరి రొమ్ముననే వెలుగును. ఆ వాక్యము మాత్రము విన్న పిల్లలందరి మనసులందును నిలుచును. పై యేడు తెర లేచునపుడు సేవకుని వేషమునకును పోటీ పడువారుందురు.