వడగండ్లకును లెక్క వలయును

చిలమత్తూరు పీఠభూమిలో హిమము కురియదు. వేసవి గాలివానలలో నెప్పుడైన వడగండ్లు రాలును. వర్షమానపాత్రలో బడిన యా గడ్డలను గొలుచు టెట్లు? మంచుదేశములవారి రీతినే, కొలిచిన గోరువెచ్చని నీరు పోసి కరగించి, మొత్తమునుండి పోసిన నీటిని దీసివేయవలెను. మిగిలినదే వర్షము.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. కోష్ఠాగారమున మూరెడు వాయిగల కుండము నుంచి వాన గొలువుమని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. నేడు నిలువుగోడల డబ్బాయు, కొలబద్దయు జాలును. చెట్లకు, గోడలకు దూరముగ నుంచి ప్రతి యుదయము 8.30 గంటలకు జూడవలెను. ఒక మిల్లీమీటరనగా చదరపు మీటరునకు లీటరు నీరు.

కరవు నిర్ణయమునకు మండలపు వర్షపాతము ముఖ్యాధారము. కాని మండలకేంద్రమున గురిసిన మేఘము మన చేనిని దాటిపోవచ్చును. రైతు సోదరులారా! కొలత నేనాటి కానాడు వ్రాసియుంచుడు. అంకె లేని మహజరునకు బలముండదు.